పాత రేడియో ప్రసారాల పరిరక్షణ: ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ల క్యాసెట్లకూ విలువ ఉంది

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో తెలుగు మాట వినిపించడం కొత్త కాదు. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలవడంతో వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే సంస్థ కిందికి వచ్చాయి. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలెన్నో అక్కడే స్థిరపడ్డాయి. అలాంటి ఇంట్లో ఎవరైనా రేడియో నుంచి రికార్డు చేసి దాచిన క్యాసెట్ ఉంటే, ఆ కార్యక్రమానికి మిగిలిన ఏకైక ప్రతి అదే కావచ్చు.

ఆకాశవాణి తెలుగు ప్రసారాలు 1938లో మద్రాసు కేంద్రంతో మొదలై, 1948 డిసెంబరు 1న విజయవాడ, 1963లో విశాఖపట్నం కేంద్రాలతో విస్తరించాయి. తొలినాళ్లలో నాటకాలు సైతం ప్రత్యక్ష ప్రసారాలే. రికార్డు చేసినా, టేపు ఖరీదైనది కావడంతో చెరిపి మళ్లీ వాడేవారు. నండూరి సుబ్బారావు నటించిన ‘గణపతి’ వంటి పేరున్న నాటకాలు దక్కాయి. పొలం కబుర్లు, బాలల కార్యక్రమాలు, ప్రాంతీయ వార్తలు అంత శ్రద్ధకు నోచుకోలేదు. భాషాపరంగా అసలు నష్టం ఇక్కడే: నాటి రైతు మాటతీరు, ఉచ్చారణ ఏ లిఖిత ప్రతిలోనూ దొరకవు.

మీడియం వేవ్ తరంగాలు రాత్రివేళ అయనావరణాన్ని తాకి తిరిగివస్తాయి. అందుకే సుదూర కేంద్రాలు వినిపిస్తాయి. అలా పట్టిన రికార్డింగులో స్వరం ఎగసి తగ్గుతుంటుంది. దాన్ని లోపంగా చూసి పారేయకూడదు. దూరాన ఉన్న శ్రోత విన్నది అలాగే.

టేపుపై ఐరన్ ఆక్సైడ్ పొరను పట్టి ఉంచే జిగురును తేమ దెబ్బతీస్తుంది, బూజూ పడుతుంది. బెంగాల్ వానాకాలం ఈ రెండింటికీ అనుకూలమే. బూజు కనిపిస్తే క్యాసెట్‌ను ఆడించకుండా నిపుణులకు అప్పగించాలి. పొరపాటున చెరిగిపోకుండా దాని వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను ముందే విరవాలి. డిజిటల్ ప్రతిని కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా తీయడం అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం సిఫార్సు. ఎంపీ3 ఒక్కటే చాలదు. రొద తొలగింపు నకలుపైనే చేయాలి. తేదీ, కేంద్రం, అనౌన్సర్ పేరు తెలిసినంతవరకు రాసిపెట్టాలి. వివరం లేని ధ్వనిని గుర్తించడం పరిశోధకులకు గగనమే.

బ్రిటన్‌లో బీబీసీ 2001లో తాను పోగొట్టుకున్న కార్యక్రమాల కోసం ప్రజలనే ఆశ్రయించింది. మన కాపీరైట్ చట్టం సొంత వినియోగానికి, పరిశోధనకు ప్రసారాన్ని రికార్డు చేసుకోనిస్తుంది. ప్రసార సంస్థ హక్కు 25 ఏళ్లు. రచయితలు, కళాకారుల హక్కులు వేరు. అందువల్ల భద్రపరచడానికి ఆటంకం లేకున్నా, బహిరంగంగా వినిపించే ముందు అనుమతులు చూసుకోవాలి.