రాకాసి గుళ్ళకు కాలిబాట

మంగళగిరి అనగానే పానకాల స్వామి, గాలిగోపురం, నేతచీర గుర్తుకొస్తాయి గానీ బృహత్ శిలాయుగపు సమాధులు ఎవరికీ గుర్తుకురావు. ఆ సమాధుల వల్ల పేరు పొందిన ఊరు కాదిది. అయినా కృష్ణ ఒడ్డున ఆ పాతరాళ్ళను చూస్తూ నడిచే బాట ఒకటి వేయదలిస్తే, దాని మొదటి అడుగు మంగళగిరిలో పడాలని నా వాదన. కారణం నేలలోనే ఉంది. నది కుడి ఒడ్డున ఉండవల్లి, తాడేపల్లి, మంగళగిరి కొండలు దాటితే తూర్పున సముద్రం దాకా చెప్పుకోదగ్గ గుట్ట కనిపించదు. అక్కడి నుంచి అంతా నది మోసుకొచ్చి పోసిన ఒండ్రే. రాయి ఎక్కడ ఆగిపోతుందో తెలియనివాడికి, రాతి సమాధి ఎక్కడ ఎందుకు మొదలైందో కూడా తెలియదు. ఈ సమాధులను ఒక్కొక్కటిగా చూసి ఫొటో తీసుకుని వెళ్ళిపోతే మిగిలేది వింత మాత్రమే. గుట్ట, నీరు, పొలం, ఊరు, శ్మశానం ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో కాళ్ళతో కొలిస్తేనే వాటిని కట్టినవాళ్ళ ఆలోచన మనకు అందుతుంది.

స్థూలంగా క్రీస్తుకు పూర్వం మొదటి సహస్రాబ్దిలో, ఇనుము వాడకం నేర్చిన దక్కను జనం చనిపోయిన తమవాళ్ళ కోసం కట్టుకున్నవి ఇవి. నాలుగు పలకరాళ్ళు నిలబెట్టి పైన బండ కప్పినవి కొన్ని. గోతిలో ఎముకలూ కుండలూ ఉంచి, పైన రాళ్ళు పోగుపోసి, చుట్టూ గుండ్లు పేర్చినవి కొన్ని. ఒంటరిగానో వరసగానో నిలబెట్టిన నిలువురాళ్ళు మరికొన్ని. అంతేసి బండలను మనుషులు ఎత్తారంటే నమ్మబుద్ధి కాక, తరవాతి తరాలవాళ్ళు వాటిని రాకాసి గుళ్ళన్నారు, పాండవుల గుళ్ళన్నారు. తవ్విచూస్తే లోపల దొరికేవి నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు. ఇంకో సంగతి కూడా తవ్వకాల్లోనే తేలింది. చాలాచోట్ల శవాన్ని నేరుగా పూడ్చలేదు. కొన్నాళ్ళు ఎక్కడో ఉంచి, మిగిలిన ఎముకలను ఏరి తెచ్చి సమాధి చేశారు. అంటే ఎముకలు ఒకచోటి నుంచి, బండలు గుట్ట నుంచి, కుండలు ఊరి నుంచి అక్కడికి చేరాయి. బండిని ఈడ్చినా భుజాన మోసినా, దారి లేకుండా ఆ పని జరగదు. రాకాసి గుళ్ళ మధ్య నడక ఈనాటి సరదా అనుకుంటాం గానీ, దాని తొలి బాటసారులు ఆ సమాధులు కట్టినవాళ్ళే.

కృష్ణ పొడవునా దీనికి మూడు మంచి సాక్ష్యాలున్నాయి. మొదటిది నాగార్జునకొండ. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో ఆ లోయను తవ్వినప్పుడు, ఇక్ష్వాకుల విహారాలతో పాటు అంతకంటే పాతవైన రాతివలయపు సమాధులూ బయటపడ్డాయి. రెండోది అమరావతి. అక్కడ స్తూపం దగ్గరే బృహత్ శిలాయుగపు కుండ సమాధులు దొరికాయి. చనిపోయినవాళ్ళ ఎముకలను పెద్ద కుండల్లో ఉంచి పూడ్చిన చోటనే, తరవాత బుద్ధుడి పేరిట దిబ్బ లేచింది. ఆంధ్రదేశపు బౌద్ధ క్షేత్రాలు పాత శ్మశానాల పక్కన వెలియడం గురించి బౌద్ధ చరిత్రకారుడు గ్రెగరీ షోపెన్ ప్రత్యేకంగా చర్చించాడు. కొత్తగా వచ్చిన భిక్షువులు ఊరివాళ్ళు అప్పటికే గౌరవిస్తున్న నేలను ఎంచుకున్నారంటే, అక్కడికి వెళ్ళే దారి కూడా అప్పటికే ఉండి ఉండాలి. మూడోది, ఎగువన నారాయణపేట జిల్లాలో నది పక్కన ఉన్న ముడుమాల్. మనిషికి రెండింతలు ఎత్తున్న నిలువురాళ్ళు అక్కడ 80 దాకా ఉన్నాయి, చిన్న గుండ్ల వరసలకైతే లెక్కే లేదు. ఒక రాతి మీది గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయనీ, కొన్ని వరసలు సూర్యోదయ దిశను పట్టి ఉన్నాయనీ హైదరాబాద్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కె.పి. రావు చూపించాడు. 2025లో అది యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ముడుమాల్‌లో ఒక్క రాయిని పెకలించి తెచ్చి మ్యూజియంలో నిలబెడితే అది ఏమీ చెప్పదు. చెప్పేవి రాళ్ళ మధ్య ఎడాలు, వాటిని చూడాలంటే నడవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రాయి ఉన్నచోట రాతి సమాధి, ఒండ్రు ఉన్నచోట కుండ సమాధి అని నేలను బట్టి తేల్చేస్తే, అమరావతి ఆ సూత్రానికి లొంగదు కదా? నిజమే, లొంగదు. అక్కడ ఎముకలను కుండల్లో పూడ్చిన చోటికే తరవాతివాళ్ళు సున్నపురాయి పలకలు తెప్పించి స్తూపానికి తొడిగారు. కాబట్టి రాయి తేలేక కుండతో సరిపెట్టుకున్నారనడానికి లేదు. ఆచారమూ స్తోమతూ నమ్మకమూ కలిసి చేసిన నిర్ణయాలవి. నేల ఒక హద్దు గీస్తుంది, ఆ హద్దును ఎప్పుడు దాటాలో మనుషులు నిర్ణయించుకుంటారు. మంగళగిరి నుంచి మొదలుపెట్టి ఎగువకు వెళితే ఆ హద్దూ, దాన్ని దాటిన చోట్లూ రెండూ వరసగా తెలిసివస్తాయి.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. సమాధులు ఇప్పుడు గుట్టల అంచున, బీడు భూముల్లో కనిపిస్తున్నాయి. మిగతాచోట్ల నాగలి వాటిని ఎప్పుడో చెరిపేసి ఉండవచ్చు కదా, మిగిలినవాటిని చూసి పాతవాళ్ళ ఉద్దేశాన్ని ఎలా ఊహిస్తాం? ఈ ప్రశ్నను తోసిపుచ్చడం కుదరదు. రాతి కోసం పాత కట్టడాలను తవ్వుకోవడం మన ప్రాంతంలో కొత్త కాదు. మంగళగిరిలో 11 అంతస్తుల గాలిగోపురం ఎత్తించిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడే అంతకుముందు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తూ స్తూపం ఉన్న దీపాలదిన్నెను రాతి కోసం తవ్వించాడు. దొర పని అలా ఉంటే, తన చెలకలో అడ్డం వచ్చిన బండను గట్టు మీదికి దొర్లించిన రైతును తప్పుపట్టలేం. అయితే ఈ అభ్యంతరం నా వాదనను కూల్చదు, గట్టిపరుస్తుంది. మిగిలిన సమాధులే మొత్తం కాదన్నప్పుడు, వాటి మధ్య ఉన్న ఖాళీ నేల కూడా సాక్ష్యమే అవుతుంది. పొలం గట్టులో కలిసిపోయిన పలకరాయి, దున్నినప్పుడు పైకి తేలిన నలుపు ఎరుపు కుండపెంకు కారులో పోయేవాడి కంట పడవు.

అసలు ఈ సమాధులను పరిశీలించే విద్య మనకు వచ్చిన తీరే నడకది. 1850ల ప్రాంతంలో ఆంగ్లేయ అధికారి మెడోస్ టేలర్ సురపురం సంస్థానంలో సమాధులను తవ్వి, వాటిని తన దేశపు రాతి సమాధులతో పోల్చాడు. అంతకుముందే కాలిన్ మెకంజీ 1798లో అమరావతి చూశాడు. అతని కింద పనిచేసిన తెలుగు పండితులు ఊరూరా తిరిగి ఆ ఊళ్ళ చరిత్రలైన కైఫీయత్తులు సేకరించారు. 1877లో అమరావతిని తవ్విన రాబర్ట్ సివెల్, 1882లో మద్రాసు రాజధానిలోని పురాతన అవశేషాల పట్టిక అచ్చువేయించాడు. జిల్లాలవారీగా, తాలూకాలవారీగా, ఫలానా ఊరు తాలూకా కేంద్రానికి ఏ దిక్కున ఎన్ని మైళ్ళో చెబుతూ సాగే పుస్తకమది. అందులోని సమాచారం చాలావరకు స్థానిక ఉద్యోగులు పంపినదే. ఊరి పొలిమేరలో ఏ బండ ఎక్కడుందో తెలిసినవాళ్ళే ఆ పుస్తకానికి సరుకు అందించారు. పండితుడి పేరు అట్ట మీద ఉన్నా, పుస్తకంలోని దూరాలు కాలినడక మనుషులవి.

దారి వేస్తే దొంగకూ చూపించినట్టే అని మరికొందరంటారు. గుప్తనిధుల పిచ్చి మన పల్లెల్లో ఎంత ఉందో తెలిసినవాళ్ళు ఈ మాట తేలిగ్గా తీసుకోరు. కానీ నిధి కోసం తవ్వేవాడికి మనం పెట్టే దారిపలక అక్కర్లేదు, గడ్డపార చాలు. వాడికి కావలసింది ఎవరూ తిరగని చోటు. జనం రాకపోకలున్న చోటును, ఊరి బడిపిల్లలు పేరుపెట్టి పిలిచే రాయిని రాత్రికి రాత్రి మాయం చేయడం కష్టం. ఇంగ్లండులో ఏవ్‌బరీ రాతివలయం దగ్గర మొదలయ్యే రిడ్జ్‌వే అనే కాలిబాటను 1973లో జాతీయ బాటగా తెరిచారు. 139 కిలోమీటర్ల ఆ బాట వేలాది మందిని రాతి సమాధుల పక్కనుంచి నడిపిస్తోంది. ఆ బాట నిజంగా చరిత్రపూర్వపుదేనా అని అక్కడి పరిశోధకులే సందేహిస్తున్నారు, అయినా దాని ఉపయోగం తగ్గలేదు. మనం కూడా పాతదారినే తవ్వి తీశామని గొప్పలు పోనక్కర్లేదు. మంగళగిరి కొండ మెట్లు చెన్నాప్రగడ బలరామదాసు 1890లో వేయించినవి. అంతమాత్రాన ఆ కొండెక్కే భక్తి అప్పుడే పుట్టిందని ఎవరూ అనరు.

దీనికి తొందర ఎందుకంటే, మన పురాతన కట్టడాల చట్టం కాపాడేది బిందువును మాత్రమే. 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రితం. గాలిగోపురానికో స్తూపానికో ఆ గీత సరిపోతుంది. గుట్ట నుంచి చెరువు దాకా పరుచుకున్న సమాధుల నేలకు సరిపోదు. ఊడదీసి కాపాడటానికీ హద్దుంది. నాగార్జునసాగర్ నీళ్ళు లోయను ముంచకముందు కట్టడాలతో పాటు ఒక సమాధిని కూడా కొండమీదికి తెచ్చి మళ్ళీ పేర్చారు. ఆ పని జరక్కపోతే అదీ దక్కేది కాదు, కానీ దాని చుట్టూ ఉన్న ఊరూ వాగూ నీటి అడుగునే ఉండిపోయాయి. ఇప్పుడు మంగళగిరి, తాడేపల్లి, తుళ్ళూరు మండలాల్లో 2015 నుంచి వేల ఎకరాలు భూసమీకరణలో కలిసి, పొలం గట్లూ డొంకలూ కొత్త ప్లాట్ల కింద చెరిగిపోతున్నాయి. పాత గ్రామపటాల్లో గీసి ఉన్న డొంకలను, కాలిబాటలను కొత్త పటం మీద తిరిగి గుర్తించడం ఖర్చుతో కూడిన పని కాదు. మంగళగిరి నుంచి ఉండవల్లి, అమరావతి మీదుగా పల్నాడు దాకా వాటిలో కలిసేవాటిని కలిపి, నడిచేవాళ్ళకు వదిలేస్తే చాలు. రాజధానికి రోడ్లు ఎలాగూ పడతాయి. వాటితో పాటు ఒక డొంకను కూడా నగర ప్రణాళికలో హక్కుగా రాసుకుంటే, ఆ పాత జనం వేసిన లెక్కలను మన పిల్లలు తమ కాళ్ళతో సరిచూసుకోగలరు.