లైకుల్లేని రోజుల్లో లైబ్రరీకి జనాన్ని రప్పించినవాళ్ళు

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలుపెడదాం.

ఒక హైస్కూల్లో లైబ్రరీ చూసుకునే టీచర్ గారు రాశారు. "మా లైబ్రరీకి ఇన్‌స్టాలో పేజీ పెట్టామండీ. వారానికో పోస్టు వేస్తున్నాం. పిల్లలు లైకులు కొడుతున్నారు, పుస్తకం అడగడానికి మాత్రం రావట్లేదు. ఇలాగే ఉంటే వచ్చే ఏడాది ఆ గదిని వేరే పనికి వాడేస్తామంటున్నారు. ఏం చేయమంటారు?"

మన పని చరిత్ర చెప్పుకోవడం కదా, దీనికి మనమేం చెప్తాం అనిపించింది మొదట. తర్వాత ఆలోచిస్తే, ఇదే ప్రశ్న వందేళ్ళ కింద మన తెలుగువాళ్ళకి ఎదురైంది. వాళ్ళ చేతిలో ఫోన్ లేదు, రేడియో కూడా లేదు. పైగా ఊళ్ళో నూటికి తొంభై మందికి పైగా చదువే రాదు. చదవడం రానివాళ్ళని లైబ్రరీకి రప్పించాలి! మరి ఎలా రప్పించారో చూద్దాం.

ముందు గబగబా నాలుగు తేదీలు. 1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి సరస్వతీ నిలయం పెట్టారు. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్ళు దాని వెనక ఉన్నారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం వచ్చింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో లైబ్రరీలు నడిపేవాళ్ళంతా ఒక సభలో కలిశారు. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. కలిపినాయన అయ్యంకి వెంకటరమణయ్య. అప్పటికి ఆయన వయసెంతో తెలుసా? 23 ఏళ్ళు. మీలో చాలామంది వయసే.

ఆ సభలో పుట్టిందే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం. ఆ తర్వాత అయ్యంకి 'గ్రంథాలయ సర్వస్వం' అని ఒక పత్రిక నడిపారు. దాన్ని ఆ రోజుల గ్రూప్ అనుకోండి. ఎక్కడో ఒక పల్లెలో లైబ్రరీ నడిపే కుర్రాడికి, నేను ఒక్కణ్ణే కాదు, నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు అని తెలిసేది.

సరే, జనం దగ్గరికి ఎలా వెళ్ళారు? ఇక్కడే అసలు కథ. చదువు రానివాళ్ళకి పేపర్ పైకి చదివి వినిపించారు. కొన్నిచోట్ల రాత్రి బడులు పెట్టారు. లైబ్రరీలో హరికథ చెప్పించారు. పొలం పని చేసుకుని వచ్చినాయనకి పుస్తకం అక్కర్లేకపోవచ్చు, కానీ కథ కావాలి, దేశంలో ఏం జరుగుతోందో తెలియాలి. కథ కోసం వచ్చినాయనే నెమ్మదిగా అక్షరాల దగ్గరికి వెళ్ళాడు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముచ్చట. 1935, గుంటూరు జిల్లా. కాలువ మీద ప్రయాణికుల పడవలు తిరిగే రోజులు. పడవ ప్రయాణం అంటే గంటల తరబడి కూర్చోవడమే. ఆ ఖాళీ టైమ్ మీద ఒకాయన కన్ను పడింది. ఆయన పాతూరి నాగభూషణం. పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య పడవలో లైబ్రరీ పెట్టించారు. ప్రయాణం చేసేవాళ్ళూ చదువుకోవచ్చు, గట్టు మీది ఊళ్ళవాళ్ళూ తీసుకోవచ్చు.

ఇప్పుడు మనం బస్సులో కూర్చుని ఏం చేస్తాం? స్క్రోల్ చేస్తాం. ఆయన సరిగ్గా ఆ టైమ్‌నే పట్టుకున్నారు. కానీ ఒక తేడా ఉంది, గమనించండి. ఆ పడవ, లైబ్రరీ గురించిన ప్రకటన కాదు. పడవలో పుస్తకమే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

తెలంగాణలో ఇంకో మనిషి, వట్టికోట ఆళ్వారుస్వామి. పేద కుటుంబం. ఇళ్ళల్లో వంట చేశారు, హోటల్లో పనిచేశారు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, పుస్తకాలు వేసి, తనే మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి అమ్మారు. నిజాం రాజ్యంలో మీటింగ్ పెట్టాలంటే పర్మిషన్ కావాల్సిన కాలం అది. అలాంటి చోట లైబ్రరీ అంటే పదిమంది కూర్చుని తెలుగులో మాట్లాడుకునే జాగా. అది పోతే ఒక్క గది పోయినట్టు కాదు.

ఇంకొకటి, వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో ఊరి యువకుల సంఘంగా మొదలైంది. 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. అంత పెద్ద మనిషి వచ్చారంటే ఆ రోజు జనం విరగబడి ఉంటారు. కానీ మర్నాడు తలుపు తీసింది ఎవరు? ఊరివాళ్ళే. అందుకే ఆ లైబ్రరీ ఇవాళ్టికీ ఉంది.

ఇక టీచర్ గారి దగ్గరికి వద్దాం. మేడమ్, మీ పోస్టుల్లో ఏముంటోంది? "పుస్తకం హస్తభూషణం", "లైబ్రరీకి రండి", ఒక బీరువా ఫొటో. అంతేనా? అయితే అది గట్టు మీద పెట్టిన బోర్డు. మనకి కావాల్సింది పడవ.

ఒకే ఒక్క పుస్తకం తీసుకోండి. అందులో కథ మలుపు తిరిగే చోటు వరకు ఒక పిల్లతో అరనిమిషం చదివించండి. అక్కడ ఆపేయండి. కింద రాయండి: "మిగతాది రెండో బీరువా, మూడో అర. రేపు ఇంటర్వెల్‌లో తాళం తీసి ఉంటుంది." ఆ తాళం మాత్రం నిజంగా తీసి ఉండాలి, అది ముఖ్యం.

పిల్లలందరి దగ్గరా ఫోన్ ఉండదు. ఇన్‌స్టాకి ఎలాగూ 13 ఏళ్ళు నిండాలి. కాబట్టి అమ్మానాన్నలు ఉండే స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఆ వాయిస్ ఒక్కటి పెట్టండి. సాయంత్రం ఇంట్లో అందరూ వింటారు. చదువు రాని అమ్మ కూడా వింటుంది. పైకి చదివి వినిపించడం అంటే అదేగా!

పేజీని పిల్లల చేతికివ్వండి, మీరు పక్కన ఉండండి. వేటపాలెంలో మొదలుపెట్టింది యువకులే. కాకపోతే పిల్లల మొహాలు, పేర్లు, క్లాసు పబ్లిక్‌లో పెట్టొద్దు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్ళ లోపు వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. గొంతు, పుస్తకం అట్ట, పేజీ తిప్పే చెయ్యి చాలు.

చివరిగా, లెక్క లైకుల్లో చూడకండి, ఇష్యూ రిజిస్టర్‌లో చూడండి. గది తీసేస్తామని వచ్చినవాళ్ళ ముందు ఫాలోవర్స్‌ని చూపిస్తే నవ్వి ఊరుకుంటారు. పిల్లల సంతకాలతో నిండిన రిజిస్టర్ చూపిస్తే మాత్రం ఒక్క క్షణం ఆగుతారు.

ఫ్రెండ్స్, మీరు చదివిన స్కూల్లో లైబ్రరీ ఉందా? దాని తాళం ఎవరి దగ్గరుందో ఈ వారం కనుక్కోండి. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. అప్పటిదాకా ఆగక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.