తెలంగాణా సాయుధపోరాటమున స్త్రీలు

నైజాము రాజ్యమున దేశముఖుల దౌర్జన్యమునకును వెట్టిచాకిరికిని ఎదురుగా లేచిన రైతాంగోద్యమము, 1946 జూలై 4వ తేదిని కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియగుటతో నుగ్రరూపము దాల్చెను. 1951 అక్టోబరున విరమింపబడెను. ఈ చరిత్రను వ్రాసినవారు స్త్రీలను బొత్తిగా మఱచిరనుట న్యాయము కాదు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన గ్రంథమున వారికై యొక ప్రకరణము కలదు. అయినను వారి కథ వారి నోటనే వినబడినది 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర' యందు.

పాలకుర్తి చాకలి ఐలమ్మ దళసభ్యురాలు కాదు. ఆమె కౌలుభూమిలోని పంటను విసునూరు దేశముఖు కాజేయ జూడగా, సంఘమువారు ధాన్యమును ఆమె యింటికే చేర్చిరి. దొరకు దక్కని పంట చాకలియింట జేరెనన్న వార్త ఊరూరను పాకెను. వడిసెలయు, రోకలియు, కారపుపొడియు ఆయుధములైనది అట్టి యూళ్లలోనే.

తుపాకి పట్టినవారిలో మల్లు స్వరాజ్యము ప్రసిద్ధురాలు. భూస్వామికుటుంబమున బుట్టి, అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డితో పాటు ఉద్యమమున జొచ్చి, రాజక్క యను మాఱుపేరున సంచరించెను. ఆమెను పట్టియిచ్చినవారికి 10,000 రూపాయల బహుమానము ప్రకటింపబడెను. ఆరుట్ల కమలాదేవియు భర్త రామచంద్రారెడ్డితో గూడి దళజీవితము గడపెను.

1948 సెప్టెంబరున భారతసైన్యము ప్రవేశించిన పిదప దళములు అడవులకు దరలెను. కఠినపరీక్ష అచ్చటనే కలిగెను. పసిబిడ్డ యేడ్చినచో దళము జాడ శత్రువునకు తెలియును. బిడ్డయో దళమో తేల్చుకొనుమన్నపుడు ఒక తల్లి శిశువును పరులచేతిలో నుంచి అడవిలోనే నిలిచెను. ఏండ్ల తరువాత ఆ సంగతి చెప్పునప్పుడు సైతము ఆమె దుఃఖము చల్లారలేదు. దీనిని త్యాగమని కొనియాడి దాటిపోవుట సులభము. ఆ నిర్ణయభారము తల్లిపైననే ఏల పడవలెనను ప్రశ్న మాత్రము అట్లే యున్నది. యుగోస్లావియాలో 1941–45 నడుమ పార్టిజాను సేనలలో సుమారు 1,00,000 మంది స్త్రీలు చేరిరని లెక్క. యుద్ధానంతరము వారిలో అధికులు గృహములకే మరలిరి.

ఇచ్చటను అట్లే జరిగెను. కమలాదేవి 1952లో ఆలేరు నుండి హైదరాబాదు శాసనసభకును, స్వరాజ్యము 1978, 1983లలో తుంగతుర్తి నుండి ఆంధ్రప్రదేశ శాసనసభకును ఎన్నికైరి. తక్కినవారిలో పలువురకు, ఆయుధములు దింపిన నాడు, పెండ్లి చేసికొని సంసారము చూచుకొనుమన్న సలహా మాత్రమే లభించినది.