పెద్దపేగు పాలిప్‌లు: ఎండోస్కోపీ చికిత్స చరిత్ర

పెద్దపేగు లోపలి పొర మీద మొలిచే కండలను పాలిప్‌లంటారు. వీటిలో అడినోమా రకానివి కొన్ని ఏళ్ల తరబడి పెరిగి క్యాన్సర్‌గా మారవచ్చు. 10 మిల్లీమీటర్లకు చేరినవి, విల్లస్ (వేళ్లలాంటి) నిర్మాణం ఉన్నవి, కణాల్లో తీవ్రమైన మార్పు వచ్చినవి ‘అడ్వాన్స్‌డ్’ అడినోమాలు. అంటే క్యాన్సర్ వచ్చేసిందని కాదు. రోగికి ఈ మాట ముందుగా విడమరిచి చెప్పాలి.

ఒకప్పుడు పేగు పైభాగంలోని పాలిప్‌ను తీయాలంటే పొట్ట కోయాల్సిందే. 1969లో న్యూయార్క్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో హిరోమి షిన్యా, విలియం వుల్ఫ్ కొలనోస్కోప్ (పెద్దపేగును లోపలినుంచి చూసే గొట్టం) గుండా తీగ ఉచ్చును పంపి, పాలిప్‌ను కరెంటుతో తెంపి తీశారు. కాడ ఉన్నవి ఉచ్చుకు సులువుగా దొరికేవి; చాపలా పరుచుకున్నవి దొరికేవి కావు. అందుకు ఈఎంఆర్ (ఎండోస్కోపిక్ మ్యూకోసల్ రీసెక్షన్) పద్ధతి వచ్చింది. పాలిప్ అడుగున నీలిరంగు కలిపిన సెలైన్ ఎక్కిస్తారు. పొర ఉబ్బి కండరానికి ఎడంగా లేస్తుంది, అప్పుడు ఉచ్చు బిగిస్తారు.

20 మిల్లీమీటర్లు దాటినవాటిని తరచు ముక్కలుగానే తీయాలి. అసలు చిక్కంతా ఇక్కడే. అంచున రవ్వంత మిగిలినా మళ్లీ మొలుస్తుంది. ఆస్ట్రేలియాలో జరిగిన పెద్ద అధ్యయనంలో తొలి తనిఖీలోనే సుమారు 16 శాతం మందిలో తిరిగి కనిపించింది. కోసిన అంచును ఉచ్చు కొసతో కాలిస్తే ఇలా తిరిగి మొలవడం 21 నుంచి 5 శాతానికి తగ్గిందని 2019లో మరో అధ్యయనం చూపింది. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఈ చరిత్రలో అరుదు. జపాన్‌లో రూపుదిద్దుకున్న ఈఎస్‌డీ (ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్) పద్ధతిలో పాలిప్ ఒకే ముక్కగా వస్తుంది కాబట్టి తిరగబెట్టడం బాగా తక్కువ. కానీ సమయం ఎక్కువ పడుతుంది, పేగుకు చిల్లు పడే ప్రమాదమూ ఎక్కువే.

తెలుగు నేలపై ఎండోస్కోపీకి పేరు తెచ్చిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గుంటూరు వైద్య కళాశాలలో పనిచేసి, తర్వాత హైదరాబాద్‌లో ఏఐజీ (ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ) ఆసుపత్రిని స్థాపించారు.

పెద్ద పాలిప్‌ను ముక్కలుగా తీయించుకున్నవారు ఆరు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేయించుకోవాలి, ఆపైన ఏడాదికి మరోసారి. నొప్పి లేదు కదా అని మానేస్తే, తిరిగి మొలిచింది చిన్నగా ఉన్నప్పుడే దొరికే అవకాశం పోతుంది. పాలిప్ ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఎన్ని ముక్కలుగా తీశారు, బయాప్సీలో ఏం తేలింది అన్న వివరాలున్న రిపోర్టును రోగి దాచుకోవాలి. తర్వాత చూసే డాక్టరు పాలిప్ తీసిన చోటి మచ్చను వెతికేది దాని ఆధారంగానే.