విజయనగరం రాజుగారి చీతా

మన దేశంలో చీతా దాడిలో మనిషి చనిపోయిన ఘటనగా చరిత్రకారులు చూపించేది ఒక్కటే ఒక్కటి. అది జరిగింది రాజస్థాన్‌లో కాదు, గుజరాత్‌లో కాదు. మన విశాఖపట్నం జిల్లాలో, 1880లో. ఆ చీతా విజయనగరం రాజుగారిది.

మాది విజయనగరం. కోట గోడ పక్కనుంచి స్కూలుకి నడిచి వెళ్లినదాన్ని. గంటస్తంభం, మూడు లాంతర్లు, పెద్దచెరువు, పైడితల్లమ్మ సిరిమాను... ఊరి గురించి నాకు తెలియని కథ లేదనుకునేదాన్ని. చీతాల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. మా అమ్మమ్మని అడిగితే, "చిరతపులా? కొండలమ్మట ఉండేవట గానీ, కోటలోన ఏటే?" అంది.

తప్పు అమ్మమ్మది కాదు. చిరుత వేరు, చీతా వేరు అన్న తేడాయే మన మాటల్లోంచి జారిపోయింది. చిరుత చెట్లెక్కుతుంది, రాత్రి వేటాడుతుంది, మాటు వేసి మీద పడుతుంది. చీతాకి కావలసింది బయలు నేల. పగటి వెలుగులో వేటాడుతుంది. దాని గోళ్లు పిల్లి గోళ్లలా పూర్తిగా లోపలికి పోవు, పరుగులో నేలని పట్టుకోవడానికి పనికొస్తాయి. కంటి మూల నుంచి నోటి దాకా కన్నీటి చారలా నల్లటి గీత ఉంటుంది. 1867లో జెర్డన్ అనే సైనిక వైద్యుడు భారతదేశపు క్షీరదాల మీద రాసిన పుస్తకంలో దీని తెలుగు పేరు చీతాపులి అనీ, కన్నడ పేరు సివంగి అనీ ఇచ్చాడు. ఇవాళ మనకి శివంగి అంటే ఆడసింహం. జంతువు పోయాక పేరు ఇంకో జంతువు దగ్గర చేరింది.

ఇక 1880 సంగతి. చనిపోయినవాడు ఓ.బి. ఇర్విన్. విశాఖపట్నంలో గవర్నర్ ఏజెంటు. ఆ హోదాకి ఒక కథ ఉంది. 1839 చట్టంతో గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల కిందనుంచి తప్పించి, మద్రాసు గవర్నర్ ఏజెంటు పేరుతో కలెక్టరు చేతిలో పెట్టారు. పాడేరు, సీతంపేట, పార్వతీపురం వైపు కొండల్ని మనం ఇప్పటికీ ‘ఏజెన్సీ’ అంటున్నామే, ఆ మాట అక్కణ్నుంచి వచ్చిందే. అంటే ఇర్విన్ సామాన్యుడు కాదు, కొండల మీద సర్కారు అంటే ఆయనే. అంతటి దొర వేటకి వెళ్లి, రాజుగారి పెంపుడు చీతా మీద పడటంతో ప్రాణం పోగొట్టుకున్నాడు.

అప్పటికి ఆనంద గజపతి గద్దెనెక్కి ఎంతో కాలం కాలేదు. ఆయన తండ్రి మూడో విజయరామ గజపతి 1879లో పోయారు. గురజాడ అప్పటికి ఇంకా కుర్రవాడే. ఆనంద గజపతి అంటే మనకి సంగీతం, సాహిత్యం, కన్యాశుల్కం అంకితం గుర్తుకొస్తాయి. ఆ ఆస్థానంలోనే గొలుసుతో కట్టిన చీతా కూడా ఉందన్న మాట నాకు ఊరిని కొత్తగా చూపించింది.

చీతాతో వేట ఎలా ఉండేదో వర్ణనలు చాలానే ఉన్నాయి. కళ్లకి తోలు గంతలు కట్టి, ఎడ్లబండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్లేవారు. పొలాల్లో తిరిగే ఎడ్లబండిని చూసి కృష్ణజింకలు బెదరవు. మంద దగ్గరికి చేరాక గంతలు విప్పి వదిలేవారు. గంటకి వంద కిలోమీటర్ల వేగం అందుకోగలిగే జంతువు అది, కానీ ఆ వేగం కొన్ని వందల గజాలే. ఆలోపు జింక చిక్కకపోతే చీతా ఆగిపోయి రొప్పుతూ కూర్చుంటుంది. చిక్కితే గొంతు పట్టుకుని ఊపిరాడకుండా చేస్తుంది. కాపరి పరుగున వచ్చి, జింక నెత్తురు గరిటెలో పట్టి ఇచ్చి, దాన్ని మరిపించి మళ్లీ గంతలు కట్టేసేవాడు.

అంటే పట్టిన వేటని ప్రతిసారీ ఎవరో లాక్కుంటారు. ఆఫ్రికా మైదానాల్లోనూ చీతా బతుకు ఇంతే. సింహాలూ హైనాలూ వచ్చి లాక్కుపోతాయి, చీతా తిరగబడదు. దెబ్బ తగిలి కాలు పనిచేయకపోతే వేట ఉండదు, వేట లేకపోతే ఆకలిచావే. అందుకే తప్పుకుంటుంది. అడవిలో స్వేచ్ఛగా ఉన్న చీతా మనిషిని చంపినట్టు నమ్మదగిన దాఖలా లేదు. ఇర్విన్‌ని చంపింది అడవి చీతా కాదు, మనుషుల మధ్య ఉంచిన చీతా. ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

మరి చీతాలు ఎలా పోయాయి? వేటాడి చంపడం ఒక కారణం. 1870ల నుంచి చీతాని చంపినవారికి బ్రిటిష్ సర్కారు బహుమతులిచ్చింది. గడ్డి నేలలు సాగులోకి రావడం మరో కారణం. వీటికన్నా పాతది ఇంకొకటుంది. బంధించిన చీతా పిల్లల్ని కనదు. అక్బరు దగ్గర ఒకేసారి వెయ్యి చీతాలుండేవని జహంగీరు రాసుకున్నాడు. వాటిని జత కట్టించాలని ఎంత చూసినా కుదరలేదట. జహంగీరు కాలంలో ఒక్కసారి పిల్లలు పుడితే ఆయన దాన్ని వింతగా నమోదు చేశాడు. కనుక ప్రతి రాజుకీ ప్రతి చీతా అడవి నుంచే రావాలి. అదీ పెద్దదే రావాలి, ఎందుకంటే వేట నేర్పేది తల్లి. ఇలా వందల ఏళ్లు ఈడొచ్చిన చీతాలని పట్టుకుపోతే అడవిలో ఏం మిగులుతుంది?

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఇక్కడ దొరక్క కొల్హాపూర్, భావనగర్ సంస్థానాలు ఆఫ్రికా నుంచి చీతాలని దిగుమతి చేసుకున్నాయి. 1947లో కొరియా సంస్థానపు రాజు రామానుజ ప్రతాప్ సింగ్ దేవ్ మూడు మగ చీతాలని కాల్చాడు. 1952లో మన దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు.

తర్వాతి కథ మనం టీవీల్లో చూశాం. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనోకి వచ్చాయి. నమీబియాలో చీతాలు ఎక్కువగా ఉండేది అభయారణ్యాల్లో కాదు, రైతుల పశువుల క్షేత్రాల్లో. అక్కడ సింహాలు లేవు కనుక. మేకలు పోతున్నాయని రైతులు చీతాలని చంపేవారు. 1990ల నుంచి అక్కడి సంరక్షకులు రైతులకి పెద్ద జాతి కాపలా కుక్కలని ఇస్తున్నారు. కుక్క మొరిగితే చీతా వెనక్కి తగ్గుతుంది. రైతు తుపాకీ తీయక్కర్లేదు.

కూనోలో 2023 ఆగస్టు నాటికి ఆరు పెద్ద చీతాలు, మూడు పిల్లలు చనిపోయాయి. కొన్నిటి చావుకి నిపుణులు చెప్పిన కారణం చదివి చాలాసేపు పుస్తకం ముట్టుకోలేదు నేను. భూమధ్యరేఖకి దిగువన జూన్ నుంచి చలికాలం. ఆ చీతాల ఒళ్లు ఆ లెక్క మరిచిపోలేదు. మనకి వర్షాకాలం మొదలయ్యే వేళకి వాటికి చలికాలపు దట్టమైన బొచ్చు పెరిగింది. మెడకి కట్టిన రేడియో కాలరు కింద ఆ బొచ్చు తడిసి, ఒరిసి, పుండై, పురుగుపట్టి, నెత్తురు విషమై చనిపోయాయి. విమానం ఒక్క రోజులో దాటించిన దూరాన్ని ఒళ్లు దాటలేకపోయింది.

ఆ వార్తలు చదువుతున్న రోజుల్లోనే, 2023 మేలో, పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. ఒడిశా లఖేరి లోయ వైపు నుంచి 2007లో ఒకసారి, 2018లో మళ్లీ ఒకసారి మన జిల్లాల్లోకి ఏనుగులు దిగాయి. పెద్ద ఆడ ఏనుగు వెనక మంద నడుస్తుంది, నీళ్లూ మేతా ఎక్కడున్నాయో దానికి గుర్తు. ఇప్పుడు ఆ దారుల్లో చెరుకు తోటలు, వరి చేలు, కరెంటు తీగలు ఉన్నాయి. పంట పోయిన రైతుల గోడూ నిజమే, మనుషుల ప్రాణాలు పోయిన మాటా నిజమే. మా బంధువుల ఊళ్లో ఏనుగుల భయంతో పొద్దుగూకాక పొలం వైపు వెళ్లడం మానేశారు. నష్టపరిహారం కోసం తిరుగుతున్నవాడి ముందు ప్రకృతి ప్రేమ గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు.

కానీ ఒక మాట అడగాలనిపిస్తుంది. కూనోలో చనిపోయిన చీతాల పేర్లు దేశమంతా తెలుసు. సాషా, ఉదయ్, తేజస్, సూరజ్. భామినిలో పోయిన నాలుగింటికి అంతటి తలపు దక్కలేదు. పోగొట్టుకున్నదాన్ని సముద్రాలవతల నుంచి తెచ్చుకోవడానికి సిద్ధపడిన మనం, కాలినడకన మన గుమ్మంలోకి వచ్చినదానికి దారి వదలడానికి సిద్ధంగా ఉన్నామా? నమీబియా రైతుకి ఒక కుక్క చాలింది. మన రైతుకి ఏం కావాలో ముందు అతన్నే అడగాలి.

మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మమ్మకి ఇదంతా చెప్పాను. దొర సంగతి విని ఏమీ అనలేదు. కాసేపాగి, "మరి ఆ చీతానేం చేశారే?" అని అడిగింది.

ఇర్విన్ గురించి చదివిన ఇన్నాళ్లలో ఆ ప్రశ్న నాకు రాలేదు.