మెదక్ చర్చి రంగుటద్దాలు



పోయినవారి పేరు నిలవాలని మనవాళ్ళు బావి తవ్విస్తారు, చలివేంద్రం పెడతారు, బడికి ఒక గది కట్టిస్తారు. చర్చిల్లో ఇదే పనికి రంగుటద్దాల కిటికీ పెట్టించే ఆనవాయితీ ఉంది. 1872లో అండమాన్‌లో హత్యకు గురైన వైస్రాయి లార్డ్ మేయో జ్ఞాపకార్థం కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో పెట్టిన కిటికీ అటువంటిదే. దాని చిత్రరచన ఎడ్వర్డ్ బర్న్ జోన్స్‌ది. పదవిలో ఉన్నవారిని తలచుకోవడానికి అద్దం దొరికింది. మరి రాళ్ళు మోసినవారిని తలచుకోవడం ఎలా? ఇందుకు మన తెలుగునాట మెదక్ చర్చిని చూడాలి.

వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1890లలో మెదక్ చేరారు. మొదటి ప్రపంచయుద్ధపు రోజుల్లో కరువు వచ్చింది. ఆకలితో వచ్చినవారికి ఊరికే పెట్టే బదులు ఆయన చర్చి కట్టే పని చూపారు. పనికి తిండి దొరికింది. సుమారు పదేళ్ళ శ్రమ తర్వాత 1924 డిసెంబరు 25న చర్చి ప్రారంభమైంది. 2024లో దానికి నూరేళ్ళు నిండాయి. గోపురం ఎత్తు 175 అడుగులు.

అందులోని మూడు పెద్ద కిటికీలు ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పనలు. చిన్ననాడే అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలో పని నేర్చుకున్నవాడాయన. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. అంటే పాస్నెట్ 1950లో కన్నుమూసిన తర్వాత కూడా పని సాగింది.

ఈ అద్దం తయారయ్యే తీరు తెలుసుకోదగినది. కరిగిన గాజులో కోబాల్టు కలిపితే నీలం, రాగితో ఎరుపు వస్తాయి. ముక్కలు కోసి, ముఖాల గీతలు ప్రత్యేకమైన రంగుతో దిద్ది, కొలిమిలో కాలుస్తారు. ఆపైన సీసపు పట్టీలతో జతచేస్తారు. అద్దానికి సొంత వెలుగు లేదు. పగలు బయటి ఎండ పడితేనే లోపలివారికి బొమ్మ కనిపిస్తుంది. చీకటి పడితే మాయమవుతుంది.

శ్రోతలారా, ఆ కిటికీల్లో ఉన్నవి క్రీస్తు కథలు. రాళ్ళు మోసిన కూలీల బొమ్మలు కావు. అయినా అద్దం నిలవాలంటే గోడ కావాలి. ఆ గోడే వారి జ్ఞాపిక. మన దుర్గాపూర్ చుట్టుపక్కల బొగ్గు తవ్వినవారికీ, విద్యుత్ కేంద్రంలో చెమటోడ్చినవారికీ ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో దీపం వెలిగించినప్పుడు గనిలో దిగినవారి ముఖం ఎవరికి కనిపిస్తుంది?

ఎప్పుడైనా మెదక్ వెళితే ఎండ ఉన్న వేళ వెళ్ళండి. రంగులు చూశాక ఒకసారి గోడ మీద చేయి వేసి చూడండి. మీ ఇళ్ళలోనూ, పాతతరం వాళ్ళు ఏ గనిలో, ఏ కట్టడంలో పనిచేశారో అడిగి, పేర్లతో సహా రాసిపెట్టుకోండి. పేరు రాసుకోవడానికి రంగుటద్దం అక్కరలేదు, ఒక నోటుపుస్తకం చాలు.