సీసాలో సీసం

అందం కోసం ఆడవాళ్ళు పడిన అగచాట్ల గురించి రాసినవాళ్ళు బోలెడుమంది. ఇంగ్లండులో మరియా గన్నింగ్ అనే అందగత్తె ముఖానికి సీసంతో చేసిన తెల్లరంగు పూసుకుని పూసుకుని, 1760లో, చిన్న వయసులోనే కన్నుమూసిందట. ఆ కథ లేని అలంకరణ చరిత్ర నేను చూడలేదు. చెప్పేవాళ్ళు ముందో నిట్టూర్పు విడుస్తారు, వెనకాలే ఓ చిరునవ్వు నవ్వుతారు, 'ఆడవాళ్ళ సరదాలు ఇంతే కదా' అన్నట్టు. సరే, నవ్వనివ్వండి. కాని అదే సీసాన్ని రెండువేల ఏళ్ళకు పైగా నెత్తిన పెట్టుకుని మోసిన మగమహారాజుల కథ మాత్రం అంత ముచ్చటగా ఎవరూ చెప్పరు. ఎందుకంటే అది తలకు వేసుకునే రంగు కథ. ఆడది ముఖానికి పూసుకుంటే అది అలంకారం. మగవాడు తలకు వేసుకుంటే అది రహస్యం!

ఈ రహస్యం రోమనుల కాలం నాటికే పాతబడింది. తలకు రంగేసుకుని కుర్రాడిలా తిరిగే పెద్దమనుషుల్ని మార్షల్ అనే కవి అప్పట్లోనే ఆటపట్టించాడు. మొదటి శతాబ్దంలో ప్లినీ అనే పండితుడు ప్రపంచంలో ఉన్నవీ లేనివీ అన్నీ ఓ పెద్ద గ్రంథంలోకి ఎక్కించాడు. అందులో తెల్లవెంట్రుకలకు ఓ మందు కూడా ఉంది. జలగల్ని పట్టి, సీసపు పాత్రలో పులిసిన ద్రాక్షరసం పోసి, అందులో రోజుల తరబడి మురగబెట్టాలి. ఆ ద్రవం తలకు పట్టించి ఎండలో కూచోవాలి. రంగు ఎంత ఘాటైనదంటే, వేసుకుంటున్నంతసేపూ నోట్లో నూనె పుక్కిట పట్టుకోవాలట, లేకపోతే పళ్ళు కూడా నల్లబడిపోతాయట! మగవాడు ఎండలో, జలగల కంపు తలతో, నోరు మెదపకుండా కూచున్న ఆ దృశ్యం తల్చుకోండి. మనం నలుగుపిండి పెట్టుకుని పది నిమిషాలు కూచుంటేనే 'ఇంకెంతసేపూ?' అంటారు.

నవ్వులాటకేం గాని, ఆ జలగలు ఉత్త ఆర్భాటం. అసలు పని చేసింది పాత్ర. పులిసిన రసం సీసాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. మన పెద్దవాళ్ళు కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచనిచ్చేవాళ్ళు కారు చూడండి, అదే సూత్రం. అలా కరిగిన సీసం వెంట్రుకలో సహజంగా ఉండే గంధకంతో కలుస్తుంది. రెండూ కలిస్తే తయారయ్యేది సీసపు సల్ఫైడు. నల్లగా నిగనిగలాడే పదార్థం. ఈజిప్టు వాళ్ళు కళ్ళకు కాటుకగా నూరుకున్న రాయి కూడా అదే. గ్రీకులూ రోమనులూ జలగల గొడవ లేకుండా సీసపు భస్మంలో తడి సున్నం కలిపిన ముద్ద కూడా వాడేవారు. 2006లో ఫిలిప్ వాల్టర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఆయన తోటివారూ ఆ పాత ముద్దనే మళ్ళీ కలిపి తెల్లవెంట్రుకలకు పట్టించి చూశారు. వెంట్రుక లోపల మిల్లీమీటరులో రెండు లక్షల వంతు ఉండే నల్లని స్ఫటికాలు వరసలుగా పేరుకున్నాయి. ఈనాటి ప్రయోగశాలల్లో ఎంతో కష్టపడి చేసే పనిని ఆనాటి క్షురకుడు పేరైనా తెలియకుండా చేసేశాడన్నమాట!

అక్కడినుంచి ఇక మధ్యలో శతాబ్దాలన్నీ దాటేసి అమెరికాకు రండి. 1961 ప్రాంతంలో అక్కడి మందులషాపుల్లో 'గ్రీషియన్ ఫార్ములా' అనే సీసా వచ్చింది. పేరులోనే గ్రీసు ఉంది. లోపల ఉన్నదీ అక్షరాలా ఆ పాత వంటకమే. జలగలు లేవు, సీసపు లవణం ఉంది, గంధకం ఉంది. రోజూ తల దువ్వుకునేటప్పుడు నీళ్ళలా కాస్త రాసుకోవడమే. రెండు మూడు వారాల్లో తెలుపు బూడిద రంగులోకి, బూడిద రంగు గోధుమలోకి నెమ్మదిగా జారుతుంది. నిన్న తెల్లతల, ఇవాళ నల్లతల అని ఆఫీసులో నవ్వే వీలుండదు. ఆడవాళ్ళ రంగులు 'చూడండి, ఎలా మారిపోయిందో' అని అమ్ముడుపోతే, మగవాళ్ళ రంగు 'మారినట్టు ఎవరికీ తెలియదు' అని అమ్ముడుపోయింది. ఆ కనిపెట్టినవాడెవడో మగవాడి మనసు బాగా చదివినవాడు.

అయితే ఆ నెమ్మదితనంలోనే ఉంది చిక్కంతా. ఏ పనైనా రోజూ చేస్తే అలవాటవుతుంది. అలవాటైనదాన్ని ఎవరూ అనుమానించరు. సీసమూ అలాంటిదే. ఒక్కరోజులో పడగొట్టదు. ఒంట్లో చేరి ఎముకల్లో కాపురం పెడుతుంది. పెద్దవాళ్ళకు రక్తపోటు, మూత్రపిండాల జబ్బు. పసివాళ్ళ విషయంలో అయితే బుద్ధి ఎదుగుదలనే దెబ్బతీస్తుంది.

ఇక్కడ ఆడవాళ్ళ కథ కాస్త చెప్పక తప్పదు. 1933లో అదే దేశంలో 'లాష్ లూర్' అని కనురెప్పలకు వేసే రంగు వచ్చింది. అందులో పారా ఫినిలీన్ డయమీన్ అనే తారు సంబంధమైన రసాయనం ఉండేది. దాంతో కళ్ళు పోయినవాళ్ళున్నారు. ఆ ఫొటోలు చూసి జనం నిర్ఘాంతపోయారు. 1938లో అలంకరణ సామగ్రిని కూడా ప్రభుత్వం చేతికిందికి తెచ్చిన చట్టం వెనక ఆ ఫొటోలూ ఉన్నాయి. అదే చట్టంలో తలకు వేసే తారు రంగులకు మాత్రం, సీసా మీద హెచ్చరిక రాస్తే చాలునని మినహాయింపు దొరికింది. కళ్ళు పోయిన స్త్రీ ఫొటో చట్టాన్ని కదిలించింది. ఎముకల్లో పేరుకునే సీసానికి ఫొటో ఎవరు తీస్తారు?

1980లో అమెరికా ఆహార, ఔషధ శాఖ సీసపు రంగును పరీక్షించి, నెత్తి చర్మం గుండా లోపలికి పోయే సీసం బహుకొద్ది అని తేల్చి, అనుమతి ఇచ్చేసింది. నూటికి 0.6 వంతు దాకా సీసం ఉండొచ్చు. ఇళ్ళ గోడలకు వేసే రంగులో మాత్రం నూటికి 0.06 వంతుకు మించకూడదని అదే దేశం అంతకు రెండేళ్ళ ముందే అంది! అంటే గోడకు పనికిరానిది, అంతకు పదింతలు మొగుడి తలకు పనికొచ్చిందన్నమాట. పైగా సీసా మీద ఓ వాక్యం: మీసాలకు వాడరాదు, కనుబొమలకు వాడరాదు, వాడాక చేతులు బాగా కడుక్కోవాలి. తల నల్లబడి మీసం తెల్లగా ఉంటే ఏ మగవాడు ఊరుకుంటాడండీ? ఆ అక్షరాలు చదివినవాళ్ళు ఎందరో, చదివీ అద్దం ముందు నిలబడి మీసానికి ఓ వేలు రాసినవాళ్ళు ఎందరో.

చర్మం గుండా పోయేది బహుకొద్దే, నిజమే. కాని రాసుకున్నది వేళ్ళతో కదా! న్యూ ఆర్లియన్స్‌లో హోవార్డ్ మీల్కే అనే శాస్త్రవేత్త సీసం సంగతే ఏళ్ళ తరబడి పట్టుకు కూచున్న మనిషి. 1997లో ఆయన బృందం ప్రకటించిన పరిశోధన చదివితే, మనలాంటి ఇల్లు దిద్దుకునేవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. ఆ రంగు వాడేవాళ్ళ చేతులకు సీసం అంటుకుని ఉంది, కడుక్కున్నా పూర్తిగా పోలేదు. దువ్వెనకు ఉంది. ఇంట్లో వాళ్ళు ముట్టుకునే వస్తువులకు ఉంది. నాన్న దువ్వెన చంటిపిల్ల నోట్లో పెట్టుకోదా? నాన్న తల నిమురుతూ ఆ పిల్ల నిద్రపోదా? తలగడ గలీబులు ఉతికేది ఎవరు? ఆయన రహస్యం ఆయన తలమీదే ఆగలేదు.

కెనడా, ఐరోపా దేశాలు అమెరికాకంటే ముందే మేలుకున్నాయి. అమెరికాలో 2017లో కొన్ని ప్రజాసంఘాలు అర్జీ పెడితే, 2018లో ఆ పాత అనుమతిని రద్దు చేశారు. అభ్యంతరాలు వచ్చాయి, ఆగింది. చివరికి 2022 జనవరిలో గాని అమల్లోకి రాలేదు. ఈలోగా గ్రీషియన్ వారు సీసం తీసేసి బిస్మత్ పెట్టుకున్నారు. మన దేశంలో, రంగు కోసం సీసాన్ని అలంకరణ సామగ్రిలో కలపరాదని నిబంధన ఎప్పటినుంచో ఉంది. అంతవరకు మనం నయమే.

అయితే మనవాళ్ళ నలుపు వేరే దారిలో వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో తారునుంచి పుట్టిన ఆ పారా ఫినిలీన్ డయమీనే, కనురెప్పల్ని కాల్చినదే, తలరంగులకు రాజైంది. 1909లో పారిస్‌లో యూజీన్ షూలర్ అనే రసాయనికుడు రంగుల కంపెనీ పెట్టి, దానికి 'హాని లేని తలరంగుల ఫ్రెంచి సంఘం' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అదే తరవాత లోరియల్ అయింది. హాని లేదని పేరులోనే చెప్పుకోవలసి వచ్చిందంటే, అప్పటికే జనానికి ఎంత భయముండేదో చూడండి. 1975లో బ్రూస్ ఏమ్స్ అనే అమెరికన్ ఈ రకం రంగులు 169 తీసుకుని సూక్ష్మజీవుల మీద పరీక్షిస్తే, 150 రంగులు వాటి జన్యువుల్ని మార్చేశాయి. దాంతో కంపెనీలు కొన్ని రసాయనాల్ని నిశ్శబ్దంగా తప్పించాయి. ఇంట్లో ఎప్పుడో ఓసారి వేసుకునేవాళ్ళకు క్యాన్సరు వస్తుందని ఇప్పటికీ తేలలేదు, ఆ మాట కూడా చెప్పాలి. దురదలు, పుళ్ళు, ముఖం వాచిపోవడం మాత్రం కొందరికి ఖాయం.

తేలింది ఎవరి విషయంలోనంటే, వేసేవాళ్ళ విషయంలో. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 1993లో ఒకసారి, 2010లో మళ్ళీ, క్షురకులూ కేశాలంకరణ చేసేవారూ చేసే ఈ పనిని 'బహుశా క్యాన్సరు కారకం' అనే వర్గంలో చేర్చింది. ముఖ్యంగా మగ క్షురకుల్లో మూత్రాశయపు క్యాన్సరు ఎక్కువగా కనిపించిందట. పెళ్ళి ముందురోజు సెలూన్‌లో కుర్చీలో కూచున్న పెళ్ళికొడుకు తండ్రి నెలకోసారి నల్లబడతాడు. ఆయన తల వెనక నిలబడినతను పొద్దుట్నుంచి పదిమందిని నల్లబరుస్తాడు, వట్టి చేతులతో. గోళ్ళ చుట్టూ అంటిన ఆ నలుపుతోనే మధ్యాహ్నం క్యారియరు విప్పుతాడు.

'మాకా భయం లేదు, మావారు గోరింటాకే వాడతారు' అనే ఇల్లాళ్ళు చాలామంది. గోరింట పండితే ఎరుపు. అది మనకు చిన్నప్పట్నుంచీ తెలుసు, అట్లతద్ది నాడు అరచేతులే సాక్ష్యం. నీలి ఆకు కలిపితే నలుపు వస్తుంది గాని, దానికి గంటల తరబడి ఓపిక కావాలి. అరగంటలో కారునలుపు తెచ్చే 'నల్ల గోరింట' పొట్లం ఇంటికొస్తే వెనక్కి తిప్పి చూడండి. ఆ రసాయనం ఉన్న రంగుల మీద హెచ్చరిక ప్రాంతీయ భాషలో కూడా ఉండాలని, ముందు చర్మం మీద కాస్త రాసి చూసుకోమని చెప్పాలని మన నిబంధన. అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి. కళ్ళజోడు పెట్టుకుని చదివి, మీరే ఆయన చెవి వెనక ఓ చుక్క రాసి, రెండు రోజులు ఆగమనండి. ఆయన ఆగరు, పెళ్ళి రేపే కదా అంటారు.